ఇరుసు మీద పసుపు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫోను పక్కన పెట్టు నాయనా. మధ్యలో లేస్తే టైములు తప్పిపోతాయి, ఈ కథంతా టైముల మీదే నిలబడి ఉంది. ఇది బ్రేక్ సారు ఓబులేసు తవ్విన కేసు. ఆయన అంతకుముందు నలభై కేసులు తవ్వినాడు. ఈ ఒక్కదాన్ని తవ్వకుండా ఉంటే బాగుండేదని ఆయన తప్ప అందరూ అన్నారు.

ఓబులేసు నంద్యాలలో బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై రెండేళ్లు చేసి దిగిపోయినాడు. ఉద్యోగం పోయినా పేరు పోలేదు. యాక్సిడెంటు కేసుల్లో వకీళ్లకు ఏ బండి ఎందుకు గుద్దిందో తేల్చాలంటే ఆయన దగ్గరికే వస్తారు. కుడిచేతి నడివేలు సగమే ఉంటుంది ఆయనకు. చిన్నప్పుడు షెడ్డులో పని నేర్చుకుంటూ ఉంటే బస్సు బ్రేకు డ్రమ్ములో పడి తెగిపోయింది. పెండ్లిళ్లలో ఆయన ఎవరికైనా గంధం పూస్తే బుగ్గ మీద రెండు పొడుగు చారలు, మధ్యన ఒక పొట్టి చార పడేది. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

ఆ గురువారం పొద్దున ఏడున్నరకు ఆయన భార్య మహానందమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ సంతోషంగా ఉంది.

"సూస్తివా? నాలుగు దినాలాయె, వాకిట్లో మరక లేదు. దసరా పోయినప్పట్నుంచీ ముగ్గేస్తే దాని మీద జిడ్డే గదా! మనోజు బండిని ఎట్లనో బాగు చేపిచ్చినాడు."

"ఆయిలు కారే కాడ సీలు మార్పిచ్చింటాడులే" అన్నాడు ఓబులేసు, పేపరులోంచి తల ఎత్తకుండా.

మనోజ్ వాళ్ల కొడుకు. విత్తనాల వ్యాపారం. జీపు వేసుకుని ఆరుగంటలకే అవుకుకు పోయినాడు. మహానందమ్మ చెప్పిన మాట ఓబులేసు చెవిలో పడింది కానీ లోపలికి దిగలేదు. ఇంటి మాట కదా, ఎవరు వింటారు?

ఎనిమిదికి గేటు దగ్గర ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. పేరు లూదియా. ఆళ్లగడ్డలో పిల్లల బడిలో ఆయా. చేతిలో, బండిని విప్పి చూడడానికి వకీలు ఇప్పించిన అనుమతి కాగితం ఉంది. చెప్పులు గేటు బయటే వదిలి వచ్చింది.

"సార్, మా ఇంటాయన జయరాజు. జీపు తోల్తాడు. మంగళవారం..."

కాగితం ముందుకు చాచి ఏడ్చేసింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు లేమ్మా. ముందు టైము చెప్పు. యాడ బయలుదేరె?"

"ఆళ్లగడ్డ బస్టాండు కాడ. ఏడుంబావు."

"గుద్దింది?"

"శిరివెళ్ల దాటినాంక మలుపులో. ఏడూ యాభై."

"ముప్పై అయిదు నిమిషాలు. మధ్యలో యాడన్నా నిలిపినాడా?"

"శిరివెళ్లలో ఇద్దరిని దించినాడు. అప్పుడు బ్రేకు బాగనే పట్టిందంట. ఆపైన ఎనుము అడ్డమొస్తే తొక్కినాడు. బండి ఎడం పక్కకు లాగేసింది సార్. ఆడ జయమ్మ నిలబడుండె, పూలగంప పెట్టుకోని, ఆటో కోసరం." లూదియా కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "జయమ్మ నాకు తెలుసు. క్రిస్మస్‌కు మా చర్చికి పూలు ఆమే ఇస్తాండె. నిన్న వాళ్లాయన వచ్చి మా గడప మీద దుమ్మెత్తి పోసినాడు. పోయనీ, ఆయనకు పోయింది మనిషి. కానీ సార్, మా ఆయన నిర్లక్ష్యం చేయలే. చక్రం కాడ రవ్వంత తేమ కనపడిందని ఆదివారమే రంగయ్య షెడ్డులో సీలు మార్పిచ్చినాడు."

"రంగయ్య ఏమంటాడు?"

"ఆ బండి నా షెడ్డుకు రానేలేదంటాండాడు."

"సోమవారం బండి యాడ తిరిగింది?"

"ఊర్లోనే. బడి పిల్లోళ్లను దింపడానికి. దూరం పోలే."

"కాయితం ఎవరు రాస్తాండారు?"

"ఇన్సూరెన్సు సర్వేయరు శివప్రసాద్. లీకు ఉందని తెలిసీ నడిపినాడని రాస్తాండాడంట. సాయంత్రం నాలుక్కు ఇచ్చేస్తాడు. ఆయన లోపలుండాడు సార్, అట్ల రాస్తే బెయిలు కష్టమన్నాడు వకీలు. లైసెన్సు ఈ జన్మకు పోయినట్టేనంట."

ఓబులేసు కాఫీ గ్లాసు కింద పెట్టేసినాడు. శివప్రసాద్ ఒకప్పుడు ఆయన కింద మూడేళ్లు పని నేర్చుకున్నవాడు. ఆయనే దగ్గరుండి పెండ్లి కూడా చేసినాడు. "నా దగ్గర వాడు నేర్చుకున్నది సంతకం ఒక్కటే" అని ఓబులేసు కనపడినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాట శివప్రసాద్ చెవికి చేరకుండా ఉంటుందా? చేరింది. మళ్లీ మళ్లీ చేరింది.

పదీ నలభైకి ఆళ్లగడ్డ. జయరాజు జీపును పోలీసులు ఒక పాత ధాన్యం గోడౌన్ ఆవరణలో పెట్టి ఉన్నారు. శివప్రసాద్ రాసుకునే అట్ట చేతిలో పెట్టుకుని నీడలో నిలబడి ఉన్నాడు.

"రాండి సార్. రిటైరైనా బండ్ల కింద దూరే అలవాటు పోలేదే!"

"నీకు ఆ అలవాటు రానేలేదు గదప్పా. అందుకే నేను రావల్సొచ్చె. ఎంతసేపు చూసినావు?"

"ఇరవై నిమిషాలు. చాలు. కుడి వెనక చక్రం నిండా బ్రేకాయిలు. దినాల నుంచి కారతాంది. తెలిసీ తోలినాడు."

"వేలు పెట్టి చూసినావా?"

"ఫోటో తీసినా."

"ఫోటోకు వాసన వస్తాదా?"

ఓబులేసు పంచె ఎగగట్టి, జాకీ పెట్టి, చక్రం ఊడదీసి, డ్రమ్ము లాగినాడు. లూదియా అడక్కముందే స్పానర్లు అందిస్తూ ఉంది. డ్రమ్ము లోపలి లైనింగు నల్లగా నిగనిగలాడుతోంది. ఆయన రెండు వేళ్ల మధ్య ఆ తడిని రుద్ది శివప్రసాద్ ముక్కు కింద పెట్టినాడు.

శివప్రసాద్ తల వెనక్కి లాక్కున్నాడు.

"మురిగిన కోడిగుడ్డు వాసన, కదా? బ్రేకాయిలు నీళ్ల మాదిరి ఉంటాది, ఇంత జిగట ఉండదు. బానెట్టు ఎత్తి బ్రేకాయిలు డబ్బా చూడు, గీత దాకా నిండుగా ఉంది. ఇది గేర్ ఆయిలు. వెనక ఇరుసు లోపల్నుంచి వచ్చింది. కుడి పక్క లైనింగు తడిసి బ్రేకు పట్టలే, ఎడం పక్క పట్టె. బండి ఎడమకు లాగె. జయమ్మ ఎడమ పక్కే నిలబడుండె."

"ఏ ఆయిలైతే ఏంది సార్? కారింది గదా. తోలినాడు గదా."

ఓబులేసు మళ్లీ చక్రం దగ్గర కూర్చున్నాడు. ఇరుసు కడ్డీని బయటికి లాగి, దాని వెనక ఉండే ఆయిల్ సీలును పెరికి గుడ్డతో తుడిచినాడు. రబ్బరు అంచు ఎక్కడా చిట్లలేదు. దాని మీద అచ్చేసిన అంకెలు ఇంకా చదవడానికి వస్తున్నాయి.

"కొత్త సీలు. వారం కూడా కాలే. జయరాజు నిజమే చెప్పినాడు. అబద్ధం చెప్పింది రంగయ్య."

లూదియా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. శివప్రసాద్ మాత్రం వదల్లేదు.

"కొత్త సీలైతే ఎందుకు కారె?"

మంచి ప్రశ్న. వాడు నేర్చుకున్నది సంతకం ఒక్కటే కాదేమో అని ఓబులేసుకు మొదటిసారి అనిపించింది. కానీ పైకి అనలేదు. అనకపోవడం ఆయన జబ్బు.

గోనెసంచి పరుచుకుని జీపు కిందికి దూరినాడు. ఇప్పుడు ఆయన ఏం వెతుకుతున్నాడో చెప్తాను, వినండి. ఉడికే అన్నం కుండ మీద మూత వారగా పెడతాం కదా, ఆవిరి పోవడానికి? ఇరుసు లోపల కూడా బండి దూరం పోయేకొద్దీ నూనె కాగి గాలి ఉబ్బుతుంది. అది పోవడానికి ఇరుసు పైన చిటికెన వేలంత మూత ఒకటి ఉంటుంది. బ్రీదర్ అంటారు. అది పూడిపోయిందంటే లోపలి గాలి ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ నూనెను తోసుకుని వస్తుంది. మెత్తగా ఉండేది సీలే. పది కొత్త సీళ్లు వేసినా పదీ కారుతాయి. ఊళ్లో బడికీ ఇంటికీ తిరిగితే తెలియదు. అరగంట రోడ్డు మీద పోతే తెలుస్తుంది.

"లూదియమ్మా, పిన్నీసు ఉందా?"

ఆమె చీర భుజం దగ్గరి పిన్నీసు తీసి ఇచ్చింది. ఓబులేసు ఆ మూతను గీకినాడు. పైన మన్ను రాలింది. దాని కింద రాయిలాగా గట్టిపడిన ముద్ద. ఆ పొడిని అరచేతిలో వేసుకుని వెలుతురులోకి పట్టినాడు. పచ్చగా ఉంది.

"పసుపు" అన్నాడు. "మీ ఆయన బండికి ఆయుధపూజ చేపిస్తాడా?"

"మేమా సార్? నిమ్మకాయ కూడా కట్టడు. అద్దం మీద బైబిలు వాక్యం రాపిచ్చుకున్నాడు, అంతే. మా ఇంట్లో పసుపు కూరలోకే."

ఓబులేసు మళ్లీ కిందికి చూసినాడు. ఇరుసు మీద నెలల నాటి నూనె, దాని మీద వేలు మందాన మన్ను. కానీ ఆ ఇరుసు పైనుండే జీపు అడుగు రేకు? ఎండిన ఎముకలాగా ఉంది. పక్కన స్ప్రింగు పట్టీలు? ఒక్క చుక్క లేదు. నెలల తరబడి కారే ఇరుసు తన పక్కనున్న ఒక్క సామానునూ తడపకుండా ఉంటుందా? ఇరుసును పట్టి ఉంచే బోల్టుల మీద స్పానరు గీతలు కొత్త రూపాయిలాగా మెరుస్తున్నాయి.

బయటికి వచ్చి దుమ్ము దులుపుకున్నాడు.

"ఇది జయరాజు ఇరుసు కాదు. ఇంకో బండిది. దీన్ని తెచ్చి ఈ జీపుకు తగిలిచ్చి, దీని మంచి ఇరుసును ఎత్తుకపోయినారు."

శివప్రసాద్ పెన్ను మూత పెట్టినాడు. "ఎవురిది సార్? ఇరుసు నోరు తెరిచి పేరు చెప్తాదా?"

"చెప్పిస్తా. నాలుగు దాకా ఆ కాయితం ఇయ్యద్దు."

"మూడూ యాభై తొమ్మిది దాకా చూస్తా. ఒక్క నిమిషం కూడా మీకు అప్పు ఇయ్యను."

పన్నెండూ పదికి అదే ఊళ్లో రంగయ్య షెడ్డు. రంగయ్యకు అరవై దాటినాయి. బ్రేక్ సారును చూడగానే చేతిలో ఉన్న స్పానరు జారిపోయింది.

"ఆదివారం జయరాజు బండి రాలేదంటివే."

"రాలే సార్."

"రాని బండికి కొత్త సీలు ఎట్లొచ్చె?"

రంగయ్య కింద పడిన స్పానరు కోసం వంగినాడు.

"నేను చెప్తా విను. తొమ్మిదికి వదిలి చర్చికి పోయినాడంట, లూదియమ్మ చెప్పె. పన్నెండున్నరకు వచ్చి తోలుకపోయినాడు. మన ఊళ్లల్లో బండి షెడ్డులో పెట్టినోడు ఎవుడైనా పక్కన స్టూలేసుకోని కూర్చుంటాడు, మెకానిక్కు సామాను మారుస్తాడేమోనని. ప్రార్థన మానలేక నిన్ను నమ్మి పోయినోడు ఒక్క జయరాజు. మూడున్నర గంటలు! ఇద్దరు మనుషులుంటే ఇరుసు దించి ఇంకోటి ఎక్కియ్యడానికి మూడు గంటలు చాలు."

రంగయ్య నేల మీద చతికిలబడినాడు. "ఆ పొద్దు రెండు బండ్లూ పక్కపక్కనే ఉండె సార్. ఆ రెండో బండికి దసరా నుంచి మూడు తూర్లు సీలు మార్చినా. మూడు తూర్లూ కారె. నాకు తెలివి తెల్లారిపాయె. ఆ బండాయన వచ్చి, ఎవుడిదన్నా తీసి ఎయ్, నాకు మాత్రం లీకు కనపడగూడదు అనె. నేను జయరాజుకు పోయే ఇరుసుకు కొత్త సీలు ఏసినా సార్. లైనింగును పెట్రోలు పెట్టి కడిగినా."

"నూనె తాగిన లైనింగు, కడిగినా కాగితే కక్కుతాది. తెల్దా నీకు?"

"తెలుసు." చాలా మెల్లగా అన్నాడు. "రెండు దినాలాయె, ముద్ద దిగలే సార్."

"జయమ్మకు ఇంక ముద్ద అక్కర్లేదు. ఎవురా బండాయన?"

"చెప్పను."

"బెదిరించినారా? పెద్దోళ్లా?"

రంగయ్య ఆయన మొహంలోకి చూసినాడు. ఆ చూపులో భయం లేదు. జాలి ఉంది. ఓబులేసుకు ఒళ్లు మండింది.

"నేను షెడ్డు పెట్టిన దినం నువ్వే వచ్చి కొబ్బరికాయ కొట్టినావు సార్. నా నోటితో నీకు చెప్పను. ఆ ఇరుసు ముందర పక్క మన్ను కడిగి చూసుకో పో."

ఓబులేసు బయటికి నడిచినాడు. పది అడుగులు వేసి ఆగినాడు. దసరా నుంచి కారే బండి. ఆదివారం నుంచి కారని బండి. పొద్దున మహానందమ్మ చెప్పిన మాట అప్పుడు దిగింది లోపలికి. నాలుగు దినాలాయె, వాకిట్లో మరక లేదు. ఎదురుగా సోడా బండి ఉంది, దాహమైనా అడగకుండా దాటిపోయినాడు. నంద్యాల చుట్టుపక్కల ఎన్ని జీపులు లేవు, ఎన్ని కారవు అని తనకు తానే చెప్పుకుంటూ నడిచినాడు. ఎంతసేపు నడిచినాడో ఆయనకు తెలియదు. గోడౌను చేరేసరికి రెండూ ఇరవై అయిందని శివప్రసాద్ తర్వాత చెప్పినాడు.

డబ్బాలో డీజిల్ పోసుకుని గుడ్డ ముంచి జీపు కిందికి దూరినాడు. ఇరుసు ముందర పక్క మన్నును మెల్లగా నానబెట్టి, పొర పొర తీసినాడు. పావుగంట పట్టింది. కింద పసుపు కనపడింది. ఎండి, నూనె తాగి, ఇరుసు ఇనుములోకి ఇంకిపోయిన పసుపు.

మూడు చారలు. రెండు పొడుగు. మధ్యన ఒకటి పొట్టి.

ఓబులేసు తన చేయి ఎత్తి ఆ చారల మీద పెట్టినాడు. సరిగ్గా సరిపోయింది.

దసరా రోజు కళ్ల ముందుకు వచ్చింది. మహానందమ్మ మోకాళ్లు వంగవని పసుపు గిన్నె ఆయనే తీసుకున్నాడు. "తిరిగే ప్రతి సామానుకూ బొట్టు పెట్టల్ల" అని కొడుకు జీపు కిందికి దూరినాడు. ఇరుసుకు మూడు వేళ్లతో పూసినాడు. చేతికి మిగిలిన ముద్దను తుడుచుకోవడానికి ఇరుసు మీద ఎత్తుగా ఏదో తగిలితే దానికి రాసేసినాడు. చూసుకోలేదు. భక్తిలో ఎవరు చూసుకుంటారు? ముప్పై రెండేళ్లు ఊరి బండ్లన్నిటికీ ఆ మూత శుభ్రం చేసుకోండ్రా అని తిట్టి పంపించినవాడు, తన కొడుకు బండికి ఆ మూతను తన చేత్తోనే పూడ్చినాడు.

"ఏమన్నా కనపడిందా సార్?"

శివప్రసాద్ వంగి చూస్తున్నాడు. చారలు చూసినాడు. వాటి పక్కనున్న చేయి చూసినాడు.

"నా పెండ్లిలో నా బుగ్గ మీద ఇట్లనే పడింది" అన్నాడు.

పది అడుగుల దూరంలో లూదియా పిన్నీసును చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. శివప్రసాద్ గొంతు తగ్గించినాడు. "ఇంకో గ్లాసు డీజిల్ పోస్తే అది పోతాది సార్. నేను చూడలే. నేను రాసిన కాయితం అట్లే పోతాది. మీరు ఇంటికి పోండి. పెద్దోళ్లు."

ఇన్నేళ్లలో వాడు తన మీద చూపించిన మొదటి దయ అది. దానంత చేదు మాట ఓబులేసు జన్మలో వినలేదు.

జేబులో ఫోను మోగింది. మనోజ్.

"నాయనా, యాడుండావ్? రంగయ్య ఫోన్ చేసినాడు. ఆ ఇరుసు జోలికి పోవద్దు. నేను వస్తాండా, కోవెలకుంట్ల దాటినా. నువ్వేం రాపియ్యద్దు."

"అది ఎవురి బండికి ఏసినాడో నీకు తెలుసా?"

"నాకేం తెలుసు నాయనా? ఎవురిదన్నా ఎయ్యమంటి. ఎవురిదని నేను అడగలే."

ఓబులేసు ఫోను ఆపేసినాడు. జీపు కింద నుంచి లేవలేకపోయినాడు. లూదియా వచ్చి చేయి పట్టుకుని లేపింది. ఎందుకు లేవలేకపోతున్నాడో ఆమెకు ఇంకా తెలియదు.

"రాసుకో" అన్నాడు శివప్రసాద్‌తో. "జయరాజు ఆదివారం సీలు మార్పిచ్చినాడు. తెలిసీ తోలలేదు. ఆయనకు తెలీకుండా ఇరుసు మార్చినారు. ఆయన అసలు ఇరుసు మనోజ్ జీపు కింద ఉంది. నంబరు చెప్తా. మూత పూడిపోయింది పసుపు వల్ల. పూసినోడు ఓబులేసు, రిటైర్డ్ బ్రేక్ ఇన్‌స్పెక్టరు, మనోజ్ తండ్రి."

పెన్ను ఆగింది. "పూసినోడి పేరు కూడానా సార్?"

"నీకు నేను సంతకం ఒకటే నేర్పించినానని ఊరంతా చెప్పుకుంటి. తప్పు. మిగతాది ఈ పొద్దు నేర్చుకో. ఫోటో తియ్యి, నా చెయ్యి పెడతా."

చారల మీద చేయి పెట్టి ఫోటో తీయించుకున్నాడు. అప్పటికి లూదియాకు అంతా అర్థమైంది. దండం పెట్టబోయి ఆగిపోయింది. "సార్, మీ ఇంట్లో అమ్మకు ఎవురు చెప్తారు?" అని మాత్రం అడిగింది. ఆయన గుడ్డ తీసుకుని చేతికి అంటిన నూనె తుడుచుకున్నాడు.

మూడూ యాభైకి రోడ్డు మీద ఒక జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. గేటులోకి అదే వేగంతో తిరిగింది. కాగితం చేతిలో పట్టుకుని శివప్రసాద్ సరిగ్గా దాని దారిలో నిలబడి ఉన్నాడు. ఓబులేసు అరిచినాడు. మనోజ్ బ్రేకు తొక్కినాడు.

బండి ఎడమకు లాగలేదు, కుడికి లాగలేదు. శివప్రసాద్ మోకాళ్లకు మూరెడు దూరంలో, గీత గీసినట్టు, నేరుగా నిలబడింది.

జయరాజు ఇరుసు మరి. అంత బాగా పట్టింది.

ఇదీ నాయనా. గుర్తు పెట్టుకోండి. రేపు మీరు ఎవరికైనా చెప్పేటప్పుడు టైములు తప్పినా ఫర్వాలేదు, ఆ బండి ఎంత నేరుగా ఆగిందో చెప్పడం మరవద్దు. జయమ్మ పేరు కూడా చెప్పండి. అందరూ ఇరుసు గురించే మాట్లాడతారు, ఆమె గంపలో ఆ పొద్దు ఏ పూలున్నాయో ఒక్కరూ అడగరు. కనకాంబరాలు.